తొలగించగల ఉత్ప్రేరకమా, తొలగించదగిన ఉత్ప్రేరకమా?

సందేహం: తిరుపతిలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. సెమినార్ కోసం తెలుగులో వ్యాసం రాసి ‘ఎమ్మారై సంకేతాన్ని పెంచే, తొలగించగల లోహ ఉత్ప్రేరణాలు’ అని పేరు పెట్టాను. ‘తొలగించదగిన’ అనాలని నా స్నేహితురాలు అంటోంది. ఏది ఒప్పు?

సమాధానం: ఇలాంటి విషయాన్ని తెలుగులో రాయాలనుకున్నారు, చాలా సంతోషం.

మీ మాటలో వ్యాకరణ దోషం లేదు. చిక్కంతా అర్థంతోనే. ‘గల’ అనేది పని చేసేవారికీ చెల్లుతుంది, ఆ పనికి లోనయ్యేదానికీ చెల్లుతుంది. ‘కొండ ఎక్కగల భక్తుడు’ అంటాం, ‘పిల్లలు కూడా ఎక్కగల కొండ’ అనీ అంటాం. కొండ దేన్నీ ఎక్కదు కాబట్టి అలిపిరిలో ఎవరికీ అనుమానం రాదు. ఉత్ప్రేరకం అలా కాదు, అది ఉన్నదే పని చేయడానికి. ‘తొలగించగల ఉత్ప్రేరకం’ అనగానే అదేదో మలినాన్ని తొలగిస్తుందనుకుంటారు చదివేవాళ్లు. ఉత్ప్రేరకాన్నే తీసేయవచ్చని మీరు చెప్పాలనుకున్నది తలకిందులైపోతుంది.

ఇక ‘దగిన’. మెచ్చదగిన పని, చూడదగిన ఊరు అన్నప్పుడు అది అర్హతను చెబుతుంది. ‘తొలగించదగినది’ అంటే ఉంచకూడనిది, తీసేయాల్సిందే అని. ఇక్కడ విషయాన్ని కాస్త చూడాలి. 3 టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత క్షేత్ర బలానికి కొలత) ఎమ్మారై యంత్రంలో కూడా 10 లక్షల ప్రోటాన్లలో సుమారు 10 మాత్రమే సంకేతానికి అక్కరకొస్తాయి. మిగతావి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. పారాహైడ్రోజన్ అనే ప్రత్యేక రూపపు హైడ్రోజన్‌లో ప్రోటాన్లకు ఉన్న క్రమాన్ని వేరే అణువుకు అందిస్తే ఆ అణువు ఇచ్చే సంకేతం వేల రెట్లు పెరగవచ్చు. ఆ అందించే పని రోడియం, ఇరిడియం లాంటి లోహాల సమ్మేళనాలు చేస్తాయి. ఆ అణువును ఒంట్లోకి ఎక్కించేటప్పుడు ఈ లోహాలు కూడా పోవడం మంచిది కాదు. పైగా పెరిగిన సంకేతం చాలాసార్లు నిమిషం, రెండు నిమిషాల్లోనే సన్నగిల్లుతుంది. అంటే లోహాన్ని క్షణాల్లో తీసేయాలి. ద్రావణంలో కరిగిపోయిన లోహాన్ని అంత తొందరగా తీయడం కష్టం. సిలికా రేణువులకు అతికిస్తే టీపొడిలా వడకట్టేయవచ్చు.

కాబట్టి కరిగినదీ తొలగించదగినదే, అతికించినదీ తొలగించదగినదే. మీ వ్యాసంలోని కొత్త సంగతి, తీయడం సులువు కావడం. దానికి ‘వీలు’ అనే చక్కని మాట మన ఇళ్లలోనే ఉంది. ‘ఎమ్మారై సంకేతాన్ని పెంచాక వడకట్టడానికి వీలైన లోహ ఉత్ప్రేరకాలు’ అనండి. కొంచెం పొడవే, కానీ ఎవరూ పొరబడరు.

మీరు ‘ఉత్ప్రేరణాలు’ అని రాశారు. పదార్థం ఉత్ప్రేరకం, అది చేసే పని ఉత్ప్రేరణం. సెమినార్‌లోపు దిద్దుకోండి.