డాబా మీద నుంచి నెబ్యులా ఫొటోలు: మీ ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నా నమస్తే. మాది నల్లగొండ, ఇల్లు టౌన్ నడుమ ఉంటది. డాబా మీద ట్రాకర్ (నక్షత్రాల ఎంబడి కెమెరాను తిప్పే మోటార్) పెట్టి, డీఎస్ఎల్ఆర్‌కు 200 ఎంఎం లెన్స్ తగిలించి నెబ్యులాల (ఆకాశంల గ్యాస్, దుమ్ము మబ్బుల) ఫొటోలు తీస్తున్న. ఓరియన్ నెబ్యులా మంచిగనే వచ్చింది కానీ రోజెట్ నెబ్యులా ఎన్నిసార్లు తీసినా ఫొటో మొత్తం తెల్లగ పాలిపోతుంది, చుక్కలు తప్ప ఏం కనిపిస్తలేవు. ఎదురుంగ చౌరస్తాల హైమాస్ట్ లైట్ ఉంది. పెద్ద టెలిస్కోప్ కొంటే పనైతదా, లేకపోతే శ్రీశైలం అడవి దిక్కు పోవాల్నా?
– ఒక డిగ్రీ విద్యార్థి, నల్లగొండ

జవాబు: తమ్ముడూ, టెలిస్కోప్ పైసలు అట్లనే ఉంచుకో. రోజెట్ ఆకాశంల పున్నమి చంద్రునికి రెండింతల కంటె ఎక్కువ వెడల్పు ఉంటది, పెద్ద టెలిస్కోప్‌ల దాంట్ల ఒక ముక్కనే పడ్తది, పైగా అది నెబ్యులా వెలుగుతోపాటు మీ చౌరస్తా వెలుగును కూడా అంతే పోగుజేస్తది. నీ 200 ఎంఎం లెన్స్ దీనికి మస్తు సరిపోతది. నీకు కావాల్సింది ఫిల్టర్, ఆ తర్వాత ఓపిక.

రోజెట్ లాంటి నెబ్యులాలల్ల హైడ్రోజన్ వెలిగేది ముఖ్యంగ ఒక్క ఎరుపు రంగుల, 656.3 నానోమీటర్ల (వెలుగు రంగును కొలిచే లెక్క) దగ్గర సన్న గీత లెక్క, ఆక్సిజన్‌ది 500.7 దగ్గర. వెనుకట రోడ్ల మీద పసుప్పచ్చ సోడియం దీపాలు ఉండేటివి, వాటి వెలుగు ఎక్కువ 589 చుట్టుపక్కలనే కాబట్టి ఫిల్టర్‌తోని అల్కగ ఆపొచ్చు, ఇప్పుడు గల్లీగల్లీకి తెల్ల ఎల్ఈడీలు వచ్చినయి, వాటి వెలుగు నీలం నుంచి ఎరుపు దాకా పర్చుకొని ఉంటది, అందుకే పాత రకం లైట్ పొల్యూషన్ ఫిల్టర్లు అంతగ పనిచేస్తలేవు, ఎంత అగ్వకు వచ్చినా కొనకు. డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ అని అడుగు, ఆ రెండు గీతల చుట్టూ ఉన్న వెలుగునే లోపలికి వదిలి మిగతాదంతా ఆపుతది, కెమెరా లోపల సెన్సార్ ముందట కూసునే క్లిప్ రకం దొరుకుతది. లెన్స్ ఎంత తెరుచుకోవాల్నో చెప్పే కొలతను ఎఫ్/4 దగ్గర పెట్టు, మరీ వెడల్పు తెరిస్తే వెలుగు ఏటవాలుగ పడి ఫిల్టర్ గీత పక్కకు జరుగుతది.

ఇంకో ముచ్చట, మామూలు డీఎస్ఎల్ఆర్ సెన్సార్ మీద కంపెనీ పెట్టిన అద్దం ఈ 656 ఎరుపును చాలామటుకు ఆపేస్తది. మనిషి మొఖాలు ఎర్రగ రాకుండ పెట్టిన అద్దం అది. దాన్ని మార్పించిన పాత కెమెరా దొరికితే ఫిల్టర్ కంటె ముందు దానికే పైసలు పెట్టమంట.

ఇగ ఓపిక సంగతి. రెండు నిమిషాల ఫొటో ఒక్కటి ల్యాప్‌టాప్‌ల తెరిచి చూస్తే నిరాశే, బూడిద రంగు మీద ఇసుక చల్లినట్టు గరుకు, దాంట్ల ఎరుపు ఉన్నదో లేదో కూడా చెప్పలేం. అసొంటివి నాలుగు కలిపితే ఆ గరుకు సగమైతది, పదహారు కలిపితే పావు వంతు, అంటే గరుకు సగానికి తగ్గాల్నంటే ప్రతిసారి నాలుగింతల టైమ్ పెట్టాలె. అందుకే ఒకే రాత్రి ఐదు నెబ్యులాల ఎంబడి పడకు, డిసెంబర్, జనవరిల ఒక్క రోజెట్ మీదనే మూడు నాలుగు రాత్రులు కూసో, అన్ని రాత్రులవి సైరిల్‌ల కలుపు, అది ఫ్రీ సాఫ్ట్‌వేర్. అర్ధరాత్రి దాటినంక తీస్తే ఇంకా మంచిది, దుకాణాల బోర్డులు బందైతయి, రోజెట్ మన దగ్గర 78 డిగ్రీల ఎత్తుకు, దాదాపు నెత్తి మీదికి వస్తది, అక్కడ టౌన్ వెలుగు తక్కువ. ఫ్లాట్స్ (ఒకే తీరు తెల్ల వెలుగును అదే లెన్స్‌తోని తీసే ఫొటోలు) మాత్రం మర్చిపోకు, అవి లేకుంటే ఫొటో మూలల నల్లదనం, సెన్సార్ మీది దుమ్ము మరకలు అన్నీ సాఫ్ట్‌వేర్‌ల మసక వెలుగును పెంచేటప్పుడు బయటపడి కష్టమంతా నీళ్లపాలైతది.

హైమాస్ట్‌కు డాబా పిట్టగోడ మీద రెండు కట్టెలు పాతి నల్ల గుడ్డ కట్టు, లెన్స్‌కు హుడ్ పెట్టు. సీదా వెలుగు లెన్స్‌ల పడితే ఏ ఫిల్టరూ కాపాడదు.

అడవి దిక్కు పోవాల్సింది వేరే వాటి కోసం. కృత్తికల చుట్టూ ఉన్న నీలి నెబ్యులా అసొంటివి సొంతంగ వెలిగేటివి కావు, దుమ్ము మీద నక్షత్రాల వెలుగు పడి కనిపిస్తయి, ఆ వెలుగుల అన్ని రంగులుంటయి, డ్యూయల్ బ్యాండ్ పెడితే అదే కోసుకపోతది. వాటికి చీకటే మందు. ఐతే శ్రీశైలం పోయే అమ్రాబాద్ అడవి రోడ్డు రాత్రిపూట మూస్తరు, జంతువులున్న చోటు, దేవరకొండ అవతల తెలిసినోళ్ల చేను చూసుకో, ఒక్కనివి పోకు.

ప్రశ్న: సార్, మహబూబ్‌నగర్ నుంచి రాస్తున్న. ఎండాకాలంల తీసేటివి ఏమన్న ఉన్నయా, లేక కెమెరా మడిచి పెట్టాల్నా?
– ఒక టీచర్, మహబూబ్‌నగర్

జవాబు: మేడం, మడవకండి! ఏప్రిల్ మొదట్ల రాత్రి 10 ప్రాంతంల సక్కగ దక్షిణం దిక్కు చూడండి, కెరీనా నెబ్యులా ఉంటది, ఓరియన్ నెబ్యులా కంటె పెద్దది. మీ దగ్గర అది 13 డిగ్రీల దాకా లేస్తది, ఢిల్లీల నేలను ఆనుకునే ఉంటది, లండన్‌ల అసలే లేవదు. దక్షిణం దిక్కు చెట్లు, బిల్డింగులు అడ్డం లేని డాబా చూసుకోవాలె, ఆ దిక్కు ఊరి వెలుగు లేకుంటే ఇంకా మేలు. మంచి ఎత్తుల కొద్దిసేపే దొరుకుతది కాబట్టి చీకటి పడంగనే అన్నీ సదిరి పెట్టుకోండి. మే నెల నడుమ నుంచి అర్ధరాత్రి తర్వాత ధనుస్సుల లగూన్ నెబ్యులా మంచి ఎత్తుకు వస్తది. వేడికి సెన్సార్ల డార్క్ కరెంట్, అంటే వెలుగు పడకున్నా పుట్టే ఉత్త సిగ్నల్, సుమారు 6 డిగ్రీలకు ఒకసారి రెండింతలైతది, దాంతోని గరుకు పెరుగుతది, అందుకే డార్క్ ఫ్రేమ్స్ (ఆ ఉత్త సిగ్నల్‌ను తీసేసేందుకు వాడే నల్ల ఫొటోలు) చలికాలంల తీసినవి వాడకుండ అదే రాత్రి, అదే డాబా మీద, లెన్స్‌కు మూత పెట్టి తియ్యండి.