న్యూటన్ వలయాల ప్రయోగం పడితే...

అమ్మలూ,

ప్రాక్టికల్స్‌లో న్యూటన్ వలయాలు పడతాయేమోనని టెన్షన్ పడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. పడితే అదృష్టమనుకో. కాంతి తరంగమేనని కంటికి చూపించే ప్రయోగం మీ ల్యాబ్‌లో ఇంత తేలిగ్గా మరొకటి దొరకదు. ఉబ్బు లెన్సుని గాజు పలక మీద పెట్టి పసుపు కాంతి వేస్తే, రెంటి నడుమ గాలి పొర వల్ల వెలుగూ చీకటీ వలయాలు కనిపిస్తాయి. వాటిని మైక్రోస్కోప్‌తో కొలిచి ఆ కాంతి తరంగదైర్ఘ్యం (ఒక శిఖరం నుంచి పక్క శిఖరానికి దూరం) కనుక్కోవడమే పని.

వెళ్లగానే సోడియం దీపం వేసెయ్. మొదట ఎర్రగా వెలుగుతుంది, కంగారుపడకు, అది లోపలి నియాన్. పసుపు నిలదొక్కుకోవడానికి పది నిమిషాలు పట్టొచ్చు. ఆలోగా లెన్సునీ గాజు పలకనీ అంచులు పట్టుకుని మెత్తటి గుడ్డతో తుడుచుకో. లెన్సుని ఉబ్బు వైపు కిందికి ఉండేలా పలక మీద పెట్టాలి. వలయాల నడుమ నల్లచుక్క కాకుండా వెలుగుచుక్క కనిపిస్తే మధ్యలో దుమ్ము ఇరుక్కుందన్నమాట. తీసి మళ్లీ తుడువు.

ఆ నల్లచుక్క మీదే వైవాలో, అంటే నోటి పరీక్షలో, ప్రశ్న వస్తుంది. లెన్సూ పలకా తాకే చోట గాలి పొర మందం సున్నా, ఆ పొర పై అంచునా కింది అంచునా మళ్లి వచ్చే రెండు కిరణాల దారిలో తేడా లేదు, మరి వెలుగు ఉండాలి కదా అంటారు. గాజులోంచి వచ్చి గాలి అంచున వెనక్కి మళ్లిన కిరణం దశ మారదు. గాలిలోంచి వెళ్లి కింది గాజుకు తగిలి మళ్లినది సగం తరంగం మేర తిరగబడుతుంది. ఒకదాని శిఖరం మీద ఇంకోదాని లోయ పడి రెండూ చెల్లిపోతాయి. ఇంట్లోనే చూడొచ్చు: తీగని ఉంగరంలా వంచి సబ్బునీళ్లలో ముంచి నిలువుగా పట్టుకో. నీరు కిందికి జారేకొద్దీ రంగుల పట్టీలు దిగుతాయి, పగిలే ముందు పైభాగం నల్లబడుతుంది. అక్కడ పొర అంత పలచబడిందన్నమాట, అక్కడా రెండు కిరణాల్లో ఒకటే తిరగబడి రెండూ చెల్లిపోతాయి.

రీడింగులు తీసేటప్పుడు మైక్రోస్కోప్‌ని ఎడమకు ఇరవయ్యో వలయం దాటించి, అక్కణ్నుంచి కుడికి ఒకే దిక్కున రా. మధ్యలో స్క్రూ వెనక్కి తిప్పావంటే మరలోని వదులంతా రీడింగులో చేరుతుంది. మైక్రోస్కోప్‌లో కనిపించే నిలువు గీత (క్రాస్‌వైర్) వలయానికి స్పర్శరేఖలా తగలాలి. లోపలి నాలుగైదు వలయాలు లావుగా ఉంటాయి, వాటిని వదిలెయ్. లెన్సు వక్రతా వ్యాసార్ధం (దాని ఉబ్బు ఏ గోళంలో భాగమో ఆ గోళం వ్యాసార్ధం) 100 సెంటీమీటర్లైతే పదో నల్ల వలయం వ్యాసం సుమారు 4.9 మిల్లీమీటర్లు, ఇరవయ్యోది 6.9. రెట్టింపయ్యేది వ్యాసం కాదు, దాని వర్గం. అందుకే వలయం నంబరుకీ వ్యాసం వర్గానికీ గ్రాఫ్ గీస్తే సరళరేఖ వస్తుంది. దాని వాలుని లెన్సు వక్రతా వ్యాసార్ధానికి నాలుగు రెట్లతో భాగిస్తే తరంగదైర్ఘ్యం. గీత మూలబిందువు గుండా పోకపోయినా ఫరవాలేదు, దుమ్ము వల్ల వచ్చే తేడా వాలుని ముట్టుకోదు.

అసలు కొంప ముంచేది స్ఫెరోమీటర్, లెన్సు వక్రతా వ్యాసార్ధం కొలిచే పరికరం. మూడు కాళ్ల మీద నిలబడుతుంది, మధ్యలో మరతో దిగే కాలు ఉబ్బు ఎత్తు చెబుతుంది. గంటసేపు మైక్రోస్కోప్‌లో కళ్లు కాయలు కాచేలా చూసిన పిల్లలు, వ్యాసార్ధం కొలవడం రెండు నిమిషాల్లో కానిచ్చేస్తారు. లెక్క చూడు: కాళ్ల మధ్య దూరం 4 సెంటీమీటర్లు, వ్యాసార్ధం 100 అయితే లెన్సు ఉబ్బు ఎత్తు 0.27 మిల్లీమీటరే. పరికరం కనీసపు కొలత 0.01. అంటే ఒక్క గీత అటూ ఇటూ అయితే జవాబు దాదాపు 4 శాతం జరుగుతుంది. అందుకే ఆ ఎత్తుని లెన్సు మీద చోటు మార్చి మార్చి కొలిచి సగటు తియ్యి. మధ్య కాలు అద్దానికి అప్పుడే ఆనిందా లేదా అన్నది కాలూ దాని ప్రతిబింబమూ కలిసే చోట తెలుస్తుంది, కన్ను బాగా కిందికి దించి చూడు.

వైవాలో ఇంకో సరదా ప్రశ్న అడుగుతారు: ఈ వలయాలకు సరైన కారణం చెప్పింది న్యూటనేనా అని. కాదు. ఈ వలయాలను శ్రద్ధగా కొలిచి 1704లో ‘ఆప్టిక్స్’లో అచ్చువేసిన న్యూటన్ కాంతి కణాలని నమ్మినవాడు. వీటికి తరంగాలతో, వ్యతికరణంతో (రెండు తరంగాలు కలిసి బలపడడం లేదా చెల్లిపోవడం) అర్థం చెప్పింది థామస్ యంగ్, ఆ తర్వాత దాదాపు వందేళ్లకు.

సోడియం పసుపు కాంతిలో ఉన్న రెండు తరంగదైర్ఘ్యాలు 5890, 5896 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు), సగటు 5893. ఆ అంకె ముందే తెలుసు కాబట్టి రీడింగులు దిద్దే ఘనులుంటారు. బయటి కాలేజీ నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఇట్టే పట్టేస్తారు, వాళ్ల గ్రాఫ్‌లో చుక్కలన్నీ బుద్ధిగా గీత మీదే కూర్చుంటాయి మరి. నీకు 5720 వస్తే 5720 అనే రాయి. స్ఫెరోమీటర్‌లో ఒక్క గీత తేడాకే అంత జరుగుతుందని కింద ఒక లైను, దాని లెక్కతో సహా, చేర్చు.

మీ మామయ్య