డీవీడీ డ్రైవ్ లేని సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనొచ్చా?

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ఒకటి నచ్చింది. కానీ డీవీడీ డ్రైవ్ లేదు. నా దగ్గర ఇంట్లో తీసుకున్న వీడియోల డీవీడీలు, పాత గేమ్ సీడీలు, ప్రింటర్‌తో వచ్చిన డ్రైవర్ సీడీ ఉన్నాయి. డ్రైవ్ ఉన్న మోడల్ కోసం ఆగమంటారా?

జవాబు: ఆగొద్దు. లోపలే డ్రైవ్ ఉన్న ల్యాప్‌టాప్‌లు చాలావరకు పాతవి. విండోస్ 11కు ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14నే ముగిసింది. ఏడాదికి నాలుగుసార్లు వాడే డ్రైవ్ కోసం రోజూ వాడే ప్రాసెసర్ విషయంలో రాజీపడటం సరికాదు.

యూఎస్‌బీతో పనిచేసే స్లిమ్ డీవీడీ రైటర్ ఒకటి విడిగా తీసుకోండి. దీనికి అడాప్టర్ ఉండదు, కరెంటంతా యూఎస్‌బీ పోర్టు నుంచే వస్తుంది. చిక్కు కూడా అక్కడే. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ యాంపియర్లు, 3.0 పోర్టు 900 ఇస్తాయి. డిస్క్ తిరగడం మొదలైనప్పుడు, రైట్ చేసేటప్పుడు మోటారు, లేజరు ఎక్కువ కరెంటు లాగుతాయి. అది చాలకపోతే డ్రైవ్ టిక్కుటిక్కుమంటుంది, స్క్రీన్ మీద కనిపించి మాయమవుతుంది, రైటింగ్ మధ్యలో ఆగిపోతుంది. చాలామంది డ్రైవ్ పాడైందనుకుని మార్చేస్తారు. ముందు 3.0 పోర్టుకు నేరుగా పెట్టి చూడండి. పొడవాటి ఎక్స్‌టెన్షన్ కేబుల్, సొంత అడాప్టర్ లేని హబ్ (ఒక పోర్టును చాలా పోర్టులుగా చేసేది) వాడొద్దు. అప్పటికీ కుదరకపోతే రెండు యూఎస్‌బీ మొనలున్న వై కేబుల్ గానీ, అడాప్టర్ ఉన్న హబ్ గానీ పనికొస్తుంది.

ఇక మీ డిస్కుల సంగతి. ప్రింటర్ సీడీ అక్కర్లేదు. తయారీ సంస్థ సైట్‌లో మీ మోడల్ నంబరు కొడితే అంతకంటే కొత్త డ్రైవర్ దొరుకుతుంది. వీడియో డీవీడీలు విండోస్ 10, 11లలో వాటంతట అవి ఆడవు, వీఎల్‌సీ ప్లేయర్ వేసుకోవాలి. అయితే అవి ఇంట్లో రైట్ చేసినవైతే చూడటం తర్వాత, ముందు కాపీ చేయండి. అలాంటి డిస్కుల్లో డేటా ఉండేది రంగు పొరలో. ఏళ్లు గడిచేకొద్దీ, ముఖ్యంగా ఎండా వేడీ తగిలితే, ఆ పొర చెడిపోతుంది. డిస్క్‌లోని ‘వీడియో టీఎస్’ ఫోల్డర్ మొత్తాన్ని హార్డ్ డిస్క్‌లోకి లాగేస్తే చాలు. ఒక్కో డీవీడీకి 4.7 జీబీ వరకు చోటు ఉంచుకోండి. రెండో కాపీ వేరే డిస్క్‌లో పెట్టండి. పోతే మళ్లీ తీయలేని వీడియోలవి.

పాత గేమ్‌ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. 2000ల నాటి చాలా గేమ్‌లు సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణతో వచ్చాయి. విండోస్ 10 నుంచి దానికి మద్దతు లేదు. లోపల డ్రైవ్ ఉన్న ల్యాప్‌టాప్ కొన్నా ఇదే పరిస్థితి.

ప్రశ్న: నేను చూసిన ల్యాప్‌టాప్ పక్కన డ్రైవ్ చోటు ఉంది, ప్లాస్టిక్ ముక్కతో మూసేశారు. తర్వాత డ్రైవ్ బిగించుకోవచ్చా?

జవాబు: ముక్కను తీయించి లోపలికి టార్చ్ కొట్టి చూడండి. లోపలి అంచున సాటా కనెక్టర్ (డ్రైవ్‌ను మదర్‌బోర్డుకు కలిపేది) ఉంటే కుదురుతుంది. కొన్ని మోడళ్లలో బాడీ ఒకటే అయినా కనెక్టర్ బిగించరు, అప్పుడు కుదరదు. కనెక్టర్ ఉంటే చోటు మందం కొలవండి. డ్రైవ్‌లు సాధారణంగా 9.5, 12.7 మిల్లీమీటర్ల మందంలో వస్తాయి. మందంది సన్నటి చోటులో పట్టదు.

ప్రశ్న: డిస్క్ లేకుండా విండోస్ మళ్లీ వేసుకోవడం ఎలా?

జవాబు: 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. మైక్రోసాఫ్ట్ సైట్‌లోని మీడియా క్రియేషన్ టూల్‌తో తయారుచేసుకోవచ్చు. అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది వాడండి. ఈ పెన్‌డ్రైవ్‌ను కొనడానికి వెళ్లేటప్పుడే జేబులో వేసుకెళ్లండి. మెషీన్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కి (కంపెనీని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్) దాన్నుంచి బూట్ చేయించండి. సెటప్ తెర రాగానే మూసేయండి. బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) పాస్‌వర్డ్ అడిగితే, అమ్మేవారు అక్కడికక్కడే తీసేయలేకపోతే, కొనొద్దు. చాలా మోడళ్లలో ఆ పాస్‌వర్డ్ మదర్‌బోర్డు మీది చిప్‌లో ఉంటుంది, బోర్డు మీది చిన్న బ్యాటరీ పీకినా పోదు.

ఆఫీసుల నుంచి బయటికొచ్చిన మెషీన్ అయితే మరో పరీక్ష. విండోస్ రీసెట్ చేయించి, మొదటి సెటప్‌లో వైఫై కలపండి. ఏదో సంస్థ పేరుతో లాగిన్ అడిగితే ఆ ల్యాప్‌టాప్ ఇంకా వారి ఖాతాలోనే నమోదై ఉన్నట్టు. ఫార్మాట్ చేసినా అది పోదు, ఆ సంస్థే తొలగించాలి. వైఫై కలపకుండా చూపిస్తే ఈ సంగతి బయటపడదు.