రాయి వేడెక్కితే సందులు పెద్దవవుతాయా?

ప్రశ్న: భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడి నీళ్లు ఊరతాయి కదా. వేడికి రాయి వ్యాకోచించి, లోపలి సందులు పెద్దవై, నీళ్లు సులువుగా పైకి వస్తాయని మా ఫ్రెండ్ వాదన. నిజమేనా? (ఒక పాఠకుడు, కొత్తగూడెం)

జవాబు: వ్యాకోచించడం వరకు నిజమే, మిగతాదే తేడా కొట్టింది. భూమి లోపల రాయికి చుట్టూ రాయే, ఎటూ జరిగే చోటు లేదు, కాబట్టి రేణువులు ఉబ్బితే తమ మధ్య ఉన్న ఖాళీలోకే ఉబ్బాలి, అంటే సందులు కాస్త ఇరుకవుతాయి. అదీ చాలా కొంచెమే లెండి, ఇసుకరాయి డిగ్రీకి పెరిగేది పొడవులో లక్షో వంతు.

అసలు మార్పంతా నీళ్లలో. 20 డిగ్రీల దగ్గర నీటికి ఉన్న చిక్కదనం 60 డిగ్రీలకి వచ్చేసరికి సగానికన్నా తగ్గిపోతుంది. ఫ్రాన్స్‌లో డార్సీ అనే ఇంజనీరు 1856లో ఇసుకలోంచి నీళ్లు పంపి రాబట్టిన సూత్రాన్నే ఇప్పటికీ వాడుతున్నాం, దాని ప్రకారం చిక్కదనం సగమైతే అదే రాయి, అదే ఒత్తిడి ఉన్నా ప్రవాహం రెట్టింపవుతుంది. వాన నీరు రాతి పొరల్లో కిందకి దిగుతుంది, మామూలుగా కిలోమీటరుకి 25, 30 డిగ్రీల వేడి పెరుగుతుంది, అలా కాగి కాస్త తేలికైన నీళ్లు పగుళ్లు దొరికిన చోట పైకి తన్నుకొస్తాయి. మణుగూరు దగ్గర పగిడేరులో బొగ్గు కోసం వేసిన బోరులోంచి కూడా వేడి నీళ్లే వచ్చాయి, సింగరేణి వాళ్లు దాంతో 20 కిలోవాట్ల చిన్న కరెంటు ప్లాంటు పెట్టారు.

చమురు దగ్గరైతే ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రాజస్థాన్ బాడ్‌మేర్‌లో మంగళ క్షేత్రం ఉంది, 2004లో కనుక్కున్నారు, అక్కడి ముడి చమురులో మైనం ఎక్కువ, చలికాలంలో కొబ్బరినూనె సీసాలో పేరుకున్నట్టు మామూలు వేడికే గడ్డకడుతుంది. అందుకే చమురును తోయడానికి రాతిపొరలోకి పంపే నీళ్లను కూడా వేడిగానే పంపుతారు, గుజరాత్ వైపు వెళ్లే పైపును దారి పొడుగునా వేడి చేస్తూనే ఉంటారు.

మీ ఫ్రెండ్ మరీ చిన్నబుచ్చుకోకుండా ఒక్క మాట. వేడి వల్ల రాతి సందులు మారవని కాదు, మారతాయి, కానీ ఆ పని నెమ్మదిగా ఖనిజాల చేత జరుగుతుంది. వేడి నీరు ఇసుకలోని సిలికాను ఎక్కువ కరిగించుకుని, చల్లబడే చోట దించేస్తుంది, ఏళ్ల తరబడి అలా దిగితే పగుళ్లు, బోర్లు పూడుకుపోతాయి. సున్నం దీనికి పూర్తిగా వ్యతిరేకం, నీళ్లు వేడెక్కినప్పుడే బయటపడుతుంది. మీ ఇంటి గీజర్ విప్పితే రాడ్‌కి పట్టి ఉండే తెల్ల పెచ్చు ముఖ్యంగా అదే.