అమ్మ మడమల పగుళ్ళు, షుగరు, సంగటి: ముందు ఆ ఉప్పునీళ్ళ బకెట్ పక్కన పెట్టు

నువ్వడిగింది ఇదీ: అమ్మకి 56 ఏళ్ళు, ఆరేళ్ళుగా షుగరు, మడమలు పగిలి దుప్పటికి పట్టుకుంటున్నాయి. పక్కింటావిడ చెప్పిందని రోజూ రాత్రి వేడినీళ్ళలో రాళ్ళుప్పేసి అరగంట కాళ్ళు పెట్టుకుంటోంది. అన్నం మానేసి మూడుపూటలా సంగటే తింటోంది. ఇది చాలా, ఇంట్లో ఇంకేమన్నా చేయాలా అని.

నాయనా, నేను డాక్టర్ని కాదు. తిరుపతిలో గాంధీరోడ్డు వైపు ఒక చీరల అంగడిలో పనిచేస్తాను. తొమ్మిదేళ్ళ షుగరు నాది. మా పని సంగతి తెలుసు కదా, చెప్పులు బయట విడిచి పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా ఒట్టికాళ్ళతో నిలబడటమే. మడమలు నెర్రెలిచ్చిన చెరువులా ఉండేవి. మీ అమ్మ చేసేవన్నీ నేనూ చేశాను, ఉప్పునీళ్ళతో సహా. బ్లేడుతో ఎండిన తోలు గీకేదాన్ని కూడా. పల్చగా చెక్కులు ఊడొస్తుంటే అదో తృప్తి.

మూడేళ్ళ కింద మా అమ్మాయికి సంబంధం కుదిరితే మెట్లెక్కి వస్తానని మొక్కుకున్నాను. అలిపిరి నుంచి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. ఒక ఆదివారం తెల్లవారుజామున మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెడుతూ బయల్దేరాను. మోకాళ్ళ పర్వతం దగ్గర అందరూ కాళ్ళు పట్టుకుని కూలబడుతుంటే, నాకు మోకాళ్ళే గానీ పాదాల్లో నొప్పే లేదు. స్వామి దయ అనుకున్నాను.

మంగళవారం అంగట్లో పరుపు మీద పరిచిన తెల్లదుప్పటికి ఎర్రటి చుక్కలు. కుంకుమ ఎవరు ఒలకబోశారని ఓనరు కేకలేశాడు. నేనే తడిబట్ట తెచ్చి తుడవబోయాను. తుడిచేకొద్దీ చుక్కలు పెరుగుతున్నాయి, నేను జరిగిన వైపల్లా. కాలెత్తి చూసుకుంటే కుడి మడమ పగులులో గోరంత రాతిపలుకు దిగబడి ఉంది. రెండు రోజులుగా దాని మీదే నిలబడ్డానన్న మాట. నొప్పి లేదు, నిజంగా లేదు.

డాక్టరు పుండు శుభ్రం చేసి, నన్ను కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాన్ దారం లాంటిది పాదానికి ఆనిస్తాను, తగలగానే చెప్పమన్నాడు. కాసేపు చూసి, “మొదలుపెట్టండి సార్” అన్నాను. అప్పటికే నాలుగుచోట్ల పెట్టేశాడట. షుగరు వల్ల పాదాల నరాలు మొద్దుబారతాయని అంతకుముందూ విన్నాను. విన్నది వేరు, ఆ మంచం మీద కూర్చుని తెలుసుకున్నది వేరు. పుండు మానడానికి ఐదు వారాలు పట్టింది.

అందుకే చెప్తున్నా, ఈ రాత్రి నుంచే ఆ బకెట్ మాన్పించు. స్పర్శ తగ్గిన కాలికి వేడి తెలీదు, బొబ్బలెక్కాక గానీ బయటపడదు. అరగంట నానితే తోలు మెత్తబడినట్టే ఉంటుంది గానీ, ఆరాక ఇంకా ఎండి ఇంకా పగులుతుంది. గోరువెచ్చని నీళ్ళు, మామూలు సబ్బు, రెండు నిమిషాల్లో కడుక్కుంటే చాలు. వేడి ఎంతుందో కాలు పెట్టి కాదు, మోచేయి పెట్టి చూడాలి. ఆ పని నువ్వే చెయ్యి. కడిగాక మెత్తటి బట్టతో అద్ది, వేళ్ళ సందులు మరీ పొడిగా తుడవాలి. అక్కడ తడి నిలిస్తే పాసిపోతుంది, తెల్లగా నాని దురద మొదలవుతుంది.

తుడిచిన వెంటనే మడమలకీ అరికాళ్ళకీ క్రీము. నాకు మెడికల్ షాపులో దొరికే యూరియా క్రీమే రాశారు, అది బాగా పనిచేసింది. అది లేని రోజు వాజిలిన్ గానీ కొబ్బరినూనె గానీ. వేళ్ళ సందుల్లో మాత్రం ఏదీ రాయకూడదు, మళ్ళీ తడే అవుతుంది. పగుళ్ళు లోతుగా ఉండి రక్తమొస్తుంటే ఇవేవీ కాదు, ముందు డాక్టరు. రాశాక వదులుగా ఉండే నూలు సాక్సులు తొడిగితే క్రీము దుప్పటికి కాకుండా కాలికి పడుతుంది. మే నెలలో మన ఎండల్లో సాక్సులా అని మీ అమ్మ తిడుతుంది, నేనూ తిట్టాను. పడుకునే ముందు గంటసేపు వేసుకుని తీసేసినా కొంత నయమే. ఒక్కటి జాగ్రత్త: క్రీము కాళ్ళతో టైల్స్ మీద నడిస్తే జారిపడతారు. బాత్రూం పనులన్నీ అయ్యాకే రాయి.

వీటన్నిటికంటే నేను ముందు పెట్టేది చూడటం. పూసేవి మనకు వంద మంది చెప్తారు, చూడమని ఎవరూ చెప్పరు. రోజూ రాత్రి ట్యూబ్‌లైటు కింద పాదం అడుగు, మడమ వెనక, వేళ్ళ మధ్య. ఆవిడకి వంగడం కష్టమైతే మొహం చూసుకునే అద్దం నేల మీద పెట్టి పైన కాలు ఉంచమను. లేదా నువ్వే ఫోనులో ఫోటో తీసి పెద్దది చేసి చూపించు. మా ఇంట్లో మా ఆయన చూస్తాడు. మొదట్లో ఆయన నా కాళ్ళు పట్టుకోవడమేంటని సిగ్గుపడ్డాను, ఇప్పుడు టీవీ చూస్తూ జరిగిపోతుంది. ఎర్రబడినా, ఒకచోట వేడిగా తగిలినా, వాచినా, నల్లబడినా, చీము వాసనొచ్చినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. పసుపు అద్ది రేపు చూద్దామనుకోకూడదు. పాదం ఎర్రగా వాచి నొప్పి లేకపోతే బెణికిందని కట్టు కట్టించి ఊరుకోవద్దు, అప్పుడూ ఆ రోజే డాక్టరు దగ్గరికి. షుగరున్నవాళ్ళకి నొప్పి లేని వాపే ఎక్కువ భయం.

బ్లేడు వద్దని ఇక చెప్పక్కర్లేదు కదా. ఆనెకాయలకి అతికించే మందుపట్టీలు కూడా వద్దు, వాటిలోని యాసిడ్ మంచి తోలునీ తినేస్తుంది. గోళ్ళు స్నానమయ్యాక అడ్డంగా నేరుగా కత్తిరించాలి, మూలలు లోపలికి తవ్వకుండా.

ఇక తిండి. సంగటి మందు కాదు నాయనా. మెత్తగా ఉడికిన అన్నంలో రాగిపిండి పోసి కెలికి ముద్ద కడతాం, అంటే బియ్యం మీద ఇంకో పిండిపదార్థం. రాగులు మంచివే. 100 గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం, పీచూ ఉంది, బియ్యంలో ఆ రెండూ బాగా తక్కువ. కానీ “సంగటే కదా” అని రెండు పెద్ద ముద్దలు చెనక్కాయ ఊరిబిండితో లాగించిన రోజు, రెండు గంటలకి నాకు మిషన్లో 248 చూపించింది. బత్తాయంత ఒకే ముద్ద, దాని చుట్టూ గిన్నెడు పులగూర, ఒక ఉడకబెట్టిన గుడ్డు తిన్న రోజు 170 లోపే. లెక్క ఒంటికొకలా ఉంటుంది, మీ అమ్మది ఆమె మిషన్లోనే చూడండి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకి 2,000 కేలరీల పళ్ళెం ఒకటుంది. అందులో కూరగాయలు 400 గ్రాములు, ధాన్యం మొత్తం కలిపి 250 గ్రాములు. కంటికి కనబడేలా చెప్తే, కూర అంచుకీ ముద్ద మధ్యకీ పెట్టే మన అలవాటు తిరగబడాలి. ఖర్చేమీ కాదు. మునగాకు, తోటకూర, చిక్కుడు, చలికాలం వస్తే అనపకాయలు. పితికిపప్పు చేసిన రోజు ముద్ద ఇంకాస్త తగ్గించు, అదీ గింజే కదా, ఊరికే రాదు. ఊరిబిండి రెండు చెంచాలు దాటనివ్వకు, ఆవకాయకి ఆదివారం. ఉప్పు రోజు మొత్తానికి ఐదు గ్రాములు, చెంచాడు లోపే, అందులో పచ్చళ్ళదీ లెక్కే. మామిడికాయల కాలంలో మన చిత్తూరోళ్ళని ఆపడం ఎవరి తరమూ కాదు. నేను బేనీషా రెండు ముక్కలు సాయంత్రం విడిగా తింటా, భోజనం మీద కాదు. లడ్డు ఎవరు తెచ్చినా చిటికెడు కళ్ళకద్దుకుని మిగతాది పిల్లలకి.

ఇంకో మాట. అమ్మ వాడే షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ అయితే, బి12 విటమిన్ పరీక్ష చేయించమంటారా అని డాక్టర్ని అడుగు. ఆ మాత్ర ఏళ్ళ తరబడి వాడితే ఒంటికి బి12 సరిగా పట్టదు. పైగా అది పాలు, గుడ్లు, మాంసం, చేపల్లోనే ఉంటుంది, కాయగూరల్లో ఉండదు. తక్కువైతే కాళ్ళ తిమ్మిర్లు ఎక్కువవుతాయి. శనివారాలూ ధనుర్మాసమూ అని నేను నీచు తినేదే తక్కువ, నాకు బాగా తగ్గి సూదులు వేశారు. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

ఇంట్లో కూడా చెప్పులు వేసుకోమను. గుమ్మంలో ఒక జత, ఇంట్లోకి ఇంకో జత. మెత్తటి అట్ట, వెనక పట్టీ, వేళ్ళ మధ్య ఒరుసుకోనిది. తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి చూడటం అలవాటు చెయ్యి. కొండకి వెళ్ళాలంటే బస్సులో పంపించు, గుళ్ళో ఎటూ ఒట్టికాళ్ళే కాబట్టి మిట్టమధ్యాహ్నం బండలు కాలే వేళ కాకుండా చూసుకో. నేనిప్పుడు బస్సులోనే వెళ్తున్నా, స్వామికి నా మడమ సంగతి తెలుసు. చెప్పులు కొనేది సాయంత్రం కొను, పొద్దుటికంటే అప్పుడు పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. అమ్మని వెంట తీసుకుపో. దారంతో కొలత తీసుకుని నువ్వొక్కడివే పోవద్దు, మా ఆయన అలాగే పోయి రెండు జతలు దండగ చేశాడు.