గోబీ కనిపిస్తోంది, పిస్టల్ రొయ్య కనిపించడం లేదు: రాళ్లు తీసి వెతకాలా?

నల్గొండలో కొత్తగా ఉప్పునీటి ట్యాంకు పెట్టి, పసుపు వాచ్‌మన్ గోబీ అనే చిన్న చేపను, దానితో ఒకే సొరంగంలో ఉండే టైగర్ పిస్టల్ రొయ్యను కలిపి వేశానని రాశారు. గోబీ ఒక మూల కూర్చుంటోందని, రొయ్య మాత్రం వేసిన రోజు తర్వాత కనబడలేదని, రాళ్లు తీసి వెతకమంటారా అని అడిగారు. వద్దు. దయచేసి రాళ్లు కదపకండి. కొత్త ఇంట్లో రొయ్య వారాల తరబడి బయటికి రాకపోవడం మామూలే. మీరు వెతుకుతూ ఒక రాయి ఎత్తితే రొయ్య ఇసుకలో తవ్వుకున్న సొరంగం కూలిపోతుంది. అప్పుడే పెంకు వదిలి మెత్తగా ఉన్న రొయ్య అయితే ప్రాణానికే ప్రమాదం.

నేనూ ఈ ఊళ్లోనే కొన్నేళ్లుగా ఈ జంటను పెంచుతున్నాను. రొయ్య బతికే ఉందని చెప్పే గుర్తులు రెండు. ఒకటి, రాత్రి లేని ఇసుక కుప్ప పొద్దున ఏదో ఒక రాయి అంచున కనిపించడం. రెండోది, చిటికె వేసినట్టు టప్‌మన్న శబ్దం. అది విని అద్దం పగిలిందని కంగారు పడవద్దు. రొయ్య పెద్ద కొండిని వేగంగా మూసినప్పుడు నీటిలో ఒక బుడగ పుట్టి, వెంటనే కుప్పకూలుతుంది. కొండి రెండు భాగాలు తగలడం వల్ల కాదు, ఆ బుడగ కూలడం వల్లే శబ్దం వస్తుందని 2000లో శాస్త్రవేత్తలు నిరూపించారు.

గోబీ రోజూ ఒకే చోట, తల బయటికి పెట్టి కూర్చుంటోందా? అయితే రొయ్య అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. లైటు తగ్గించి, కదలకుండా చూడండి. రొయ్యకు చూపు బాగా తక్కువ. సొరంగం నుంచి ఇసుకను తోసుకుంటూ బయటికి వచ్చినప్పుడల్లా ఒక మీసాన్ని గోబీ ఒంటికి ఆనించే ఉంచుతుంది. గోబీ తోక చివర సన్నగా వణికిందంటే రొయ్య ఆగిపోతుంది. గోబీ తల ముందుగా సొరంగంలోకి దూకిందంటే రొయ్య కూడా వెంటనే లోపలికి మాయమవుతుంది. తవ్వే పని రొయ్యది, కాపలా పని గోబీది. గోబీకి ఉండటానికి ఇల్లు, రొయ్యకు చూసే కళ్లు దొరుకుతాయి. ఇంత దగ్గరగా చూడగలిగిన తర్వాత నాకు రంగురంగుల చేపల మీద ఆశే పోయింది.

అయితే అన్ని గోబీలూ రొయ్యతో ఉండవు, అన్ని పిస్టల్ రొయ్యలూ గోబీని దగ్గరికి రానివ్వవు. లైవ్ రాక్‌లో (సూక్ష్మజీవులు, చిన్న ప్రాణులు ఉన్న సముద్రపు రాయిలో) దాక్కుని వచ్చే పిస్టల్ రొయ్యలు చాలావరకు ఒంటరివే. మీరు తెచ్చినవి టైగర్ పిస్టల్, పసుపు వాచ్‌మన్ కాబట్టి జోడీ కుదరడానికి ఇబ్బంది లేదు. ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి సమయం ఇవ్వండి.

ఇసుక గురించి మీరేమీ రాయలేదు, నాకు అసలు ఆందోళన అదే. సన్న ఇసుక ఒక్కటే వేస్తే సొరంగం నిలవదు. రెండు మూడు అంగుళాల సన్న ఇసుకలో చిన్న పగడపు ముక్కలు, గవ్వల ముక్కలు కలపాలి. రొయ్య వాటిని ఏరుకుని గోడలకు ఆనిస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, పెద్ద రాళ్లను ఇసుక మీద కాదు, నేరుగా ట్యాంకు అడుగున కూర్చోబెట్టి, తర్వాత చుట్టూ ఇసుక పోయాలి. లేకపోతే రొయ్య కింద తవ్వుకుంటూ పోతుంది, రాయి దాని మీదే పడుతుంది.

నీళ్ల సంగతి. మన జిల్లా బోరు నీళ్లలో తాగునీటి పరిమితి అయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లు ఎన్నో. సముద్రపు నీటిలోనూ సుమారు 1.3 మిల్లీగ్రాములు సహజంగా ఉంటుంది కాబట్టి, కేవలం ఫ్లోరైడ్ పేరు విని బెదరక్కర్లేదు. బోరు నీటి కాఠిన్యం, అందులో కలిసే నైట్రేట్లు అసలు చిక్కు. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. అందుకే ఆర్వో నీటిలోనే సముద్రపు ట్యాంకులకు వాడే ఉప్పు కలపండి, సాంద్రత 1.025 దగ్గర ఉంచండి. ఆవిరైపోయిన నీటికి బదులు ఉప్పు లేని ఆర్వో నీరే పోయాలి. నీరే ఆవిరవుతుంది, ఉప్పు ట్యాంకులోనే మిగులుతుంది కదా.

మే నెలలో ఇక్కడ 44 డిగ్రీలు కాస్తుంది. ఈ జంటకు 24 నుంచి 26 డిగ్రీలు హాయి, 28 దాటితే నీటిలో ప్రాణవాయువు తగ్గి ఇబ్బంది మొదలవుతుంది. నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం కొనే స్తోమత లేకపోతే నీటి ఉపరితలం మీదికి చిన్న ఫ్యాన్ తిప్పండి. మన పొడిగాలికి రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కానీ రోజూ నీరు పోయక తప్పదు. నడి ఎండల్లో ట్యాంకున్న గదికి ఏసీ కూడా కావలసి వస్తుంది. గోబీలు భయపడితే ఎగిరి బయట పడతాయి కాబట్టి మూత తప్పనిసరి. అద్దం మూత వేస్తే ఫ్యాన్ గాలి తగలదు. దోమతెరకు వాడే నైలాన్ జాలీని ఫ్రేముకు బిగించి పెట్టండి, లోహపు జాలీ వద్దు. కరెంటు పోయినప్పుడు పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

గోబీ తినే మేత కొంత సొరంగం ముందు పడేలా వేయండి, రొయ్యకు అది సరిపోతుంది. చేపకు జబ్బు చేసిందని రాగి కలిసిన మందు ట్యాంకులో పోయవద్దు, రొయ్య చనిపోతుంది. చిన్న అలంకార రొయ్యలను కూడా ఇప్పుడే తెచ్చి వేయకండి, పిస్టల్ రొయ్యకు అవి ఆహారమయ్యే ప్రమాదం ఉంది.

ట్యాంకు పొడవు, ఇసుక లోతు, రాళ్లు దేని మీద ఉన్నాయో ఇక్కడే రాయండి. రాళ్లు ఇసుక మీద ఉన్నాయంటే మాత్రం వాటిని ఏ వరుసలో తీయాలో చెబుతాను, అప్పటిదాకా చెయ్యి పెట్టకండి.