భర్త వచ్చి నెల రోజులే, స్కాన్‌లో ఆరు వారాలు!

ప్రశ్న: మా ఆయన దుబాయ్‌లో పనిచేస్తారు. సంక్రాంతికని జనవరి 14న ఇంటికి వచ్చారు. నాకు నెల తప్పింది. ఫిబ్రవరి 15న స్కాన్ తీస్తే ‘6 వారాల 2 రోజులు, 5 మిల్లీమీటర్లు’ అని రాశారు. ఆయన వచ్చి నాలుగున్నర వారాలే కదా! ఆ కాగితం చూసినప్పటి నుంచి అత్తమ్మ, ఆడబిడ్డ గుసగుసలాడుతున్నారు. ఆయనా ముభావంగా ఉంటున్నారు. నాకు చివరిసారి పీరియడ్స్ జనవరి 2న వచ్చాయి. ఎప్పుడూ 28 రోజులకే వస్తాయి. స్కాన్ తప్పా?
– ఒక సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు: స్కాన్ తప్పు కాదమ్మా, మీ తప్పు అసలే కాదు. ఆ లెక్క మీ ఆయన వచ్చిన తేదీకి చక్కగా సరిపోతోంది.

గర్భం వయసును భార్యాభర్తలు కలిసిన రోజు నుంచి లెక్కపెట్టం. చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కపెడతాం. అండం ఏ రోజు విడుదలైందో ఎవరికీ తెలియదు, పీరియడ్స్ తేదీ మాత్రం చాలామందికి గుర్తుంటుంది. జనవరి 2 నుంచి ఫిబ్రవరి 15కి 44 రోజులు. అంటే 6 వారాల 2 రోజులే. ఇందులో మొదటి రెండు వారాలు మీ కడుపులో ఏమీ లేదు! 28 రోజులకు నెలసరి వచ్చేవారిలో అండం సుమారు 14 రోజులకు విడుదలవుతుంది. మీకు జనవరి 16కి అటూ ఇటూ అయి ఉంటుంది. ఆయన వచ్చింది 14న. ఇంకేం కావాలి?

‘మెషీన్ కూడా ఆరు వారాలే అంది కదా’ అంటారేమో. మెషీన్ కొలిచింది పిండం పొడవు మాత్రమే. ఆ రెండు వారాలు కలిపే దాని పట్టికలు తయారుచేశారు. మీ ఆయన ఫ్లైట్ ఎప్పుడు దిగిందో దానికేం తెలుసు?

మీ అత్తమ్మ గారిని ఒకటి అడగండి. నెల తప్పగానే మన పెద్దవాళ్లు ‘రెండో నెల నడుస్తోంది’ అంటారు. మరి ఆ మొదటి నెల ఎక్కడిది? ఆమె కాన్పులకూ ఇదే లెక్క వేసి ఉంటారు.

నాకు ఈ గుసగుసల కన్నా ఇంకో విషయం ముఖ్యం. బిడ్డ గుండె కొట్టుకోవడం ఫలదీకరణ తర్వాత సుమారు 22వ రోజుకే మొదలవుతుంది. మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం 28వ రోజుకల్లా మూసుకుపోతుంది. మీకు ఇవి రెండూ స్కాన్‌కి ముందే అయిపోయి ఉంటాయి. ఆ నాళం సరిగ్గా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్ మాత్రలు గర్భానికి ముందు నుంచే వేసుకోవాలని మేం పోరు పెట్టేది అందుకే. చాలామంది మూడో నెలలో వచ్చి ‘ఇప్పుడు మొదలుపెట్టమంటారా’ అని అడుగుతారు. మీరు ఇంకా మొదలుపెట్టకపోతే ఈ రోజే మీ డాక్టర్‌ని అడిగి వేసుకోండి.

మీ డెలివరీ తేదీ అక్టోబర్ 9. సరిగ్గా ఆ రోజే పుట్టే పిల్లలు చాలా తక్కువ. 37 వారాలు నిండితే, అంటే సెప్టెంబర్ 18 తర్వాత ఎప్పుడు పుట్టినా నెలలు నిండిన బిడ్డే. అప్పుడు ఇంట్లోవాళ్లు సంక్రాంతి నుంచి వేళ్లు లెక్కపెట్టి ‘ఎనిమిది నెలలకే పుట్టాడేంటి’ అని మళ్లీ మొదలుపెడతారు. ఆయన తిరిగి దుబాయ్ వెళ్లేలోపే ఒక చెకప్‌కి వెంట తీసుకెళ్లండి. ఈ లెక్కంతా డాక్టర్ చేత ఆయనకే చెప్పించండి.